చీర కవర్లో పచ్చజొన్నలు

నాకు శుభ్రం పిచ్చి, దానికి తోడు కోపం. ఈ రెండూ కలిసిన రోజున ఇంట్లో ఎవరి వస్తువు ఎక్కడుందో వాళ్లకే దొరకదని మా ఆయన పెళ్లయిన కొత్తలోనే అనేవాడు. అప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు ఎవరైనా మా గది చూసి ఎంత శుభ్రంగా ఉంచుకున్నావని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సూరత్‌లో, నవాగామ్‌లో మాది ఒకే గది. పైన రేకులు, ఆ రేకుల కింద చెక్కలతో కొట్టిన చిన్న అటక. మా ఆయన ఖటోదరాలో ఒక కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. మా అత్త అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. నేను మా పాపను చూసుకుంటూ ఇంట్లోనే చీరల పని చేసేదాన్ని. వ్యాపారి మనిషి కట్టలు తెచ్చి పడేస్తే వేలాడే దారాలు కత్తిరించి, మడత పెట్టి, నడుమ అట్ట పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి టేపు అంటించాలి. కవరు మీద నగలు పెట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ ఉండేది. లోపలి చీర ఎలాంటిదైనా కవరు తళతళలాడాలి, కొనేవాళ్లు ముందు చూసేది అదే. నా మడతకు ఒక్క ముడత ఉండేది కాదు. 'భాభీ, తమారూ ఫోల్డింగ్ ఏక్ నంబర్ ఛే' అని వ్యాపారి మనిషి నా మడతను మెచ్చుకున్న రోజున నాకు అన్నం కూడా ఎక్కువ తినాలనిపించింది.

అత్త మాత్రం ఏడాదిలో సగమే సూరత్ మనిషి. జగిత్యాల వైపు మా ఊళ్లో రెండెకరాల ఎర్ర చెలక ఉంది. కాలువ నీళ్లు దాని దాకా రావు, వాన పడితేనే పంట. మిరుగం, అంటే మృగశిర కార్తె దగ్గర పడుతుందనగానే ఆమె కండెల పని వదిలేసి బస్సెక్కేది. విత్తి, కలుపు తీసి, పంట ఇల్లు చేరాక చలికాలంలో ఒక గోనె సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చేది. ఆ సంచిలో ఐదు ముల్లెలు ఉండేవి. పాత నూలు చీర ముక్కల్లో బూడిద, వేపాకు కలిపి కట్టిన విత్తనాలు అవి. పచ్చజొన్న, కంది, పెసర, బొబ్బర, పుంటికూర అనే గోంగూర. ఊళ్లో మా గోడ ఒకటి కూలి ఎలుకలు తిరుగుతున్నాయని, విత్తనం తన కళ్ల ముందే ఉండాలని వాటిని ఇంత దూరం మోసుకొచ్చేది. అక్కడా ఇక్కడా తిప్పే ఆ సంచిని చూస్తే నాకు చిరాకు. అది కదిలిస్తే చాలు బూడిద రాలేది. కింద నేను మడత పెట్టిన చీరలు ఉండేవి.

ఊళ్లో అందరూ ఎప్పుడో పత్తికి, మక్కకు మారిపోయారు. ఏటేటా దుకాణంలో కొత్త విత్తన ప్యాకెట్ కొనుక్కునే వాళ్ల మధ్య మా అత్త ఒక్కతే ఇంకా నాలుగైదు రకాలు కలిపి వేసేది. జొన్న సాళ్ల నడుమ కంది, అంచుల్లో పుంటి, ఖాళీల్లో బొబ్బర, పెసర. ఎందుకు ఇంత తిప్పలు, అందరిలా పత్తి పెట్టరాదా అని ఒకసారి అడిగాను.

"వాన మన మాట ఇంటదా పిల్లా? ఒకనాడు రానే రాదు, వస్తే కట్టలు తెంపేటట్టు కొడ్తది. జొన్నకు ఎక్కువైతే బొబ్బర తట్టుకుంటది, బొబ్బర పోతే కంది నిలవడ్తది. ఏదో ఒకటి మిగుల్తది. మిగిలిందే తినాలె" అంది.

ఆ పచ్చజొన్న విత్తనం ఆమెకు ఆమె అత్త ఇచ్చింది. మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలోనూ అది ఇంకెవరి దగ్గరా లేదు. గింజ పసుపు రంగులో, కాస్త చిన్నగా ఉంటుంది. నీళ్లు తక్కువైనా చావదు. దాని రవ్వతో వండిన గట్క పొద్దున తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే గుర్తుకు రాదు.

ఊళ్లో ఇంకో సంగతి కూడా ఉంది. మా అత్త చేయి మంచిదని పేరు. పత్తి వేసేవాళ్లు కూడా మొదటి సాలులో మొదటి గింజ ఆమె చేతే వేయించుకునేవాళ్లు. మా చెలక పక్క చెలక ఆమె, అత్తకు వరసకు చెల్లెలు, నాకు చిన్నత్త అవుతుంది. ఆమె అయితే మా అత్త బస్సు దిగేదాకా విత్తకుండా ఆగేది. సూరత్‌లో కండెలు చుట్టే ముసలామెకు ఊళ్లో అంత మర్యాద ఉండటం నాకు వింతగా ఉండేది. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా. నా మడత గురించి సూరత్ మొత్తంలో ఒక్కడు మెచ్చుకున్నాడు.

ఆ ఏడాది ఉగాదికి ముందు ఇల్లు దులిపాను. అత్త కార్ఖానాకు వెళ్లింది. అటక మీది సంచి దించితే బూడిద నా తలంతా పడింది. అంతే, నాకు పట్టరాని కోపం వచ్చింది. ముల్లెలు విప్పాను. గింజలు కనిపించకుండా బూడిద, ఎండిన వేపాకు పొడి, ఆ పాత గుడ్డల వాసన. చాటలో పోసి చెరిగితే పోలేదు. బకెట్లో నీళ్లు పట్టి జొన్నలు, కందులు, పెసలు ఒకదాని తర్వాత ఒకటి కడిగేశాను. ముత్యాల్లా బయటపడ్డాయి. గల్లీలో చాప మీద పరిచి ఒక పూట ఎండబెట్టాను. సాయంత్రం అత్త వచ్చేలోపు అయిపోవాలని తొందర. పైపైన తడి ఆరింది కదా అనుకున్నాను. ఇంట్లో మిగిలిన చీర కవర్లు తెచ్చి వాటిలో పోసి, గాలి కూడా పోకుండా నాలుగు వైపులా టేపు వేశాను. పసుపు జొన్నల మీద ఆ నగల అమ్మాయి నవ్వుతూ ఉంది. చూసుకుని మురిసిపోయాను. బొబ్బర్లకు, పుంటి గింజలకు కవర్లు చాలలేదు. వాటిని కడగకుండానే పాత ముల్లెల్లోనే ఉంచి, అన్నీ గోనె సంచిలో వేసి మళ్లీ అటక ఎక్కించాను. పండగ నాడు దించి చూపిద్దాం, ముసలామె నోరెళ్లబెట్టాలి అనుకున్నాను.

ఉగాది రానే వచ్చింది. కానీ ఆ రోజుకే రోగం భయంతో దేశమంతా తలుపులు మూసుకుంది. సాంచల చప్పుడు ఆగిపోయింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడు వినని పగలు నాకు తెలియదు. మా ఆయన సేఠ్ మొదటి వారం ఫోన్ ఎత్తాడు, తర్వాత ఎత్తలేదు. మా రేషన్ కార్డు ఊళ్లో ఉంది, ఇక్కడ దుకాణంలో అది చెల్లదు. నా చీరల కట్టలూ ఆగిపోయాయి. కవర్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నెల తిరిగేసరికి డబ్బాలు అడుగంటాయి. గల్లీ చివర ఎవరో పుణ్యాత్ములు రోజుకు ఒకసారి ఖిచిడీ పంచేవాళ్లు. దాని కోసం ఎండలో గంటల తరబడి నిలబడాలి, పోలీసు కర్ర ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి. తెచ్చింది నలుగురికి నాలుగు ముద్దలు కూడా వచ్చేది కాదు. మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. హిందీ బడి పిల్ల, ఆకలేస్తే హిందీలోనే ఏడ్చేది. ఒక మధ్యాహ్నం అటక వైపు వేలు చూపించింది.

"బాపమ్మా, ఊపర్ జొన్న హై నా. గట్క చెయ్యవా?"

అత్త దాని తల నిమిరింది. "గది తిండి కాదు బిడ్డా, ఇత్తనం."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మనుషులు బతికితే గద అత్తమ్మా ఇత్తనం? దించుత, వండుదాం."

"బతికి ఊరికి పోయినంక ఏం తింటరే? ఈ ఏడు చెలకనే మనకు దిక్కు. పని లేదు, పగార్ లేదు. ఆ గింజ వేస్తేనే వచ్చే చలికాలం దాకా కడుపుకు ఉంటది. జర ఓపిక పట్టు."

"నీకు మనుమరాలి కన్న గా జొన్నలే ఎక్కువనా?"

ఆ మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. మా ఆయన తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. అత్త ఆ రోజు నుంచి తన వంతు ఖిచిడీ పాప గిన్నెలో వేసి, కడుపులో బాగోలేదని నీళ్లు తాగేది. నిచ్చెన ఎక్కడానికి ఆమెకు మోకాళ్లు సహకరించవు, లేకపోతే ఆ సంచిని పక్కలో పెట్టుకుని పడుకునేది. పైన రేకులు పెనంలా కాలుతుంటే ఆ అటక మీద, టేపు వేసిన కవర్లలో, సగం తడిగా జొన్నలు ఉడుకుతున్నాయని నాకు తెలియదు. మేము ఆకలితో కాపలా కాసింది చచ్చిన గింజలకు. అవి కడిగిన రోజే వండేసి ఉంటే కనీసం పాప కడుపు నిండేది. ఈ లెక్క నేను ఇప్పటికీ తలచుకుంటాను.

వేసవి ముదిరాక మా గల్లీలోని ఊరివాళ్లందరం కలిసి ఒక ప్రైవేటు బస్సు మాట్లాడుకున్నాం. ధూలే, నాందేడ్ మీదుగా రెండు పగళ్లు పట్టింది. దారి పొడవునా అత్త ఆ గోనె సంచిని మూతి విప్పకుండా పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరి పొలిమేరలోనే మమ్మల్ని ఆపి బడిలో ఉంచారు. అన్నం గేటు దగ్గర పెట్టి దూరం నుంచి కేక వేసేవాళ్లు. సూరత్ వాళ్లంటే రోగం మోసుకొచ్చినవాళ్లు. మా అత్తను చూసి కూడా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె నవ్వింది. "పద్నాలుగు రోజులైనంక మొదటి గింజకు నేనే కావాలె వీళ్లకు" అంది.

అనుకున్నట్టే అయింది. ఆ ఏడాది మిరుగం ముందే కురిసింది. బడి నుంచి బయటికి వచ్చిన మర్నాడే చిన్నత్త మనిషిని పంపింది. తన పత్తి చెలకలో మొదటి గింజ అత్త చేత వేయించుకుంది. తర్వాత తన ఎడ్లనూ నాగలినీ మా చెలకకు పంపి తానూ వచ్చింది. గట్టు మీద అత్త సంచి విప్పింది. లోపలి నుంచి చీర కవర్లు బయటికి వచ్చాయి.

చిన్నత్త పగలబడి నవ్వింది. "ఏందక్కా, సూరత్ కాడ జొన్నలకు చీరలు పెట్టినవా?"

నేను గొప్పగా ముందుకు వచ్చాను. "నేనే పెట్టిన చిన్నత్తా. ఒక్క పురుగు లేదు చూడు. మస్తు మురికి ఉండె, కడిగిన."

అత్త కవరు పక్కన చింపింది. లోపలి వైపు సన్నటి చెమట పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని పళ్ల మధ్య ఒక్కొక్కటే కొరికింది. ఒక్కసారి తల ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపును నేను మెప్పనుకున్నాను. "నడువుండ్రి, పొద్దెక్కుతున్నది" అని నాగలి వెనక నడిచింది. ఎప్పుడూ కొసరి కొసరి గింజ వదిలే మనిషి ఆ రోజు గుప్పిళ్లతో వదిలింది. విత్తనం ఎక్కువ తెచ్చింది కదా, అందుకేమో అనుకున్నాను.

వారం దాటింది. అంచుల్లో పుంటి మొలిచింది. బొబ్బర రెండాకులు వేసింది. జొన్న సాళ్లు ఎర్రగా, బోడిగా ఉన్నాయి. పక్క చెలకల్లో పత్తి లేచి నిలబడింది. మా ఆయన పొద్దున్నే వెళ్లి గట్టు మీద కూర్చుని వచ్చేవాడు. పదో రోజున నేను ఒక్కదాన్నే వెళ్లి ఒక సాలును వేళ్లతో తవ్వాను. గింజలు ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. ఒకదాన్ని నలిపితే లోపల బూడిద రంగు గుజ్జు. వాసన చూశాను. అది కవరు వాసన, మూసి ఉంచిన ప్లాస్టిక్‌లో తడి బట్ట మగ్గితే వచ్చే వాసన. నేను కడిగినవి ఒక్కటీ మొలవలేదు. కడగనివి రెండూ మొలిచాయి. ఇంక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చెలకలోనే కూర్చుండిపోయాను. ఇంటికి వెళ్లాక ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణాలు వెతుక్కున్నాను. మా ఆయన అప్పటికే కోపంతో ఉడికిపోతున్నాడు. పాపకు జ్వరం. ఇవన్నీ నిజమే, కానీ అసలు సంగతి నాకు భయం వేసింది. చెప్పకపోయినా ఎవరూ నన్ను అడగడం లేదు, ఎందుకంటే ఊరంతా అప్పటికే కారణం కనిపెట్టింది. చిన్నత్త నలుగురిలో అంది.

"అక్క చేతిల పస పోయింది. సూరత్ గాలి తగిలింది. అన్నేండ్ల ఇత్తనం ఆమె చేతిలనే సచ్చిపాయె. ఇంక మా చెలకల ఆమె చెయ్యి పెట్టనియ్య."

అత్త అక్కడే ఉంది. కొంగు తలమీదికి లాక్కుని విన్నది. నేనూ అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎవరూ ఆమెను విత్తడానికి పిలవలేదు. కంది విత్తనం, పెసర విత్తనం ఊళ్లో అడిగి తెచ్చి ఆలస్యంగా వేశాం. పచ్చజొన్న కోసం అత్త, మా ఆయన నాలుగు ఊళ్లు తిరిగారు. దాన్ని వండుకు తిన్నవాళ్లు కనిపించారు, వేసేవాళ్లు కనిపించలేదు.

కొన్ని రోజులకు జొన్న సాళ్లలో అక్కడొకటి అక్కడొకటి మొలకలు కనిపించాయి. ఎన్ని గుప్పిళ్ల గింజ పోస్తే, మొత్తం చెలకలో తొమ్మిది. అత్త వాటి చుట్టూ ముళ్లకంప నాటింది. కలుపు తీసేటప్పుడు నన్ను వాటి దగ్గరికి రానిచ్చేది కాదు. కంకి వేశాక పిట్టలు తినకుండా గుడ్డలు కట్టాలంది. నేను ఇంట్లో మిగిలిన సూరత్ చీర ముక్కలు తెచ్చి ఇచ్చాను. మెరిసే పాలిస్టర్ ముక్కలు.

"అండ్ల గాలాడదే" అని పక్కన పెట్టేసి, తన పాత నూలు చీర కొంగు చింపి కట్టింది.

తెలిసి అన్నదా, తెలియక అన్నదా అని ఆ రోజంతా ఆలోచించాను. ఆమె ముఖం చూస్తే ఏమీ తెలిసేది కాదు. మామూలుగానే నాకు పని చెప్పేది, పాపకు జడ వేసేది.

ఆ ఏడాది మేము బొబ్బర్లు, పుంటికూర తిని బతికాం. పొద్దున ఉడకబెట్టిన బొబ్బర గుడాలు, సాయంత్రం రేషన్ బియ్యంలోకి పుంటికూర. పాప ముఖం తిప్పుకునేది, అయినా తినేది. పత్తి కాయ పగిలే వేళకు ముసురు పట్టింది. రోజుల తరబడి ఆగకుండా కురిసింది. ఊరంతటి పత్తి చెట్టు మీదే నల్లబడి, గింజ దూదిలోనే మొలకెత్తింది. చిన్నత్త చెలకలో కాలు పెడితే కుళ్లు వాసన. మా బొబ్బర అప్పటికే ఏరుకున్నాం, మా కంది వానకు వంగినా నిలబడింది. అత్త ఒక చాటెడు బొబ్బర్లు కొంగులో కట్టుకుని చిన్నత్త ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చింది. తనను అంతేసి మాటలన్న మనిషికి ఎందుకు ఇచ్చావని నేను కోపంగా అడిగాను.

"ఆమె ఏమన్నది? కండ్లకు కనవడ్డది అన్నది" అంది అత్త.

ఆ మాటతోనైనా నేను చెప్పేయాల్సింది. చెప్పలేదు.

తొమ్మిది కంకుల గింజ రెండు దోసిళ్లు అయింది. సాంచలు మళ్లీ నడుస్తున్నాయని కబురు వచ్చింది. చలి మొదలయ్యాక సూరత్ చేరాం. ఈసారి అత్త ఆ జొన్నలను ఎండలో వారం రోజులు ఎండబెట్టి, బూడిద కలిపి, తన చిరిగిన చీర ముక్కలో ముల్లె కట్టి, అటక ఎక్కించకుండా తలుపు పక్కన గాలి తగిలే చోట మేకుకు వేలాడదీసింది. దులిపే చేత్తో నేను దాని దగ్గరికి వెళ్లడానికి కూడా భయపడ్డాను. బూడిద కింద చీరల మీద రాలేది. దులుపుకుని పని చేసుకునేదాన్ని.

వేసవి రాగానే రోగం మళ్లీ వచ్చింది, ఈసారి నిజంగా వచ్చింది. మా గల్లీలో ప్రతి రెండో ఇంట్లో దగ్గు. అత్తకు మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు పొద్దున ఊపిరి అందలేదు. మా ఆయన ఆటో తెచ్చాడు. ఆమెను నేనే పట్టుకుని ఎక్కించాను. ఒళ్లు కాలిపోతోంది. కూర్చున్నాక నా చేయి పట్టుకుని దగ్గరికి లాగింది. తలుపు పక్కన వేలాడే ముల్లె వైపు చూసింది.

"మిరుగానికి వేస్తవు గదా. ఈసారి కవర్ల పెట్టకు బిడ్డా."

అంతే అంది. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. పప్పులో ఉప్పు వేయమన్నట్టు అంది. గట్టు మీద గింజ కొరికి నా వైపు చూసిన చూపు అప్పుడు అర్థమైంది. ఆమెకు ఆ రోజే తెలుసు. తెలిసీ, వేరే విత్తనం లేక, గుప్పిళ్లతో వదిలి, ఒక్కటైనా మొలుస్తుందేమోనని చూసింది. తెలిసీ ఏడాది పొడవునా ఊరి మాటలు పడింది. నేను ఆటో ఊచ పట్టుకుని, "అత్తమ్మా, నేనే..." అన్నాను. ఆటో కదిలింది.

ఆసుపత్రి లోపలికి నన్ను రానివ్వలేదు. రెండు రోజుల తర్వాత మా ఆయన ఒక్కణ్ణే పిలిచారు. ఆమెను పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జిప్పు వేసి ఇచ్చారట. ముఖం దగ్గర కాస్త తెరిచి చూపించారట. తాపీ నది ఒడ్డున వరుసలో నిలబడి కాల్చి వచ్చాడు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతున్నప్పుడు కవరు అన్న మాట దగ్గర నేను చెవులు మూసుకున్నాను. ఆయన రోగం భయం అనుకున్నాడు. ఆయనకు కూడా నేను అప్పటికి చెప్పలేదు.

మిరుగం దగ్గర పడింది. "రెండు దోసిళ్ల జొన్నల కోసం అంత దూరం పోతవా? చెలక ఎవరికన్న కౌలుకిద్దాం" అన్నాడు మా ఆయన. అప్పుడు చెప్పాను. కడగడం, కవర్లు, టేపు, సాలులో తవ్వి చూడటం, ఆటోలో అత్త అన్న మాట, అన్నీ. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పో, పోయి ఊళ్ల చెప్పు" అన్నాడు. అంతే.

పాపను తీసుకుని, ముల్లెను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. చిన్నత్త మా చెలక గట్టు దగ్గరికి వచ్చింది. అత్త పోయిన కబురు ఆమెకు ముందే చేరింది. ముక్కు చీది, "ఆఖరి ఏడు అక్క చెయ్యి కలిసిరాక పాయె గని, మంచి మనిషి" అంది.

"ఆమె చెయ్యి కాదు చిన్నత్తా" అన్నాను. "ఇత్తనం సంపింది నేను. నీళ్లు పోసి కడిగి, కవర్ల పెట్టి, రేకుల కింద ఉడకపెట్టిన. ఆమెకు ఎరుకే. నువ్వు నలుగురి ముందల అంటుంటె నేను పక్కకే నిలవడ్డ. నోరు తెరవలే."

చిన్నత్త ముఖం మారిపోయింది. "ఏడాది పొద్దు నా నోటికొచ్చింది అంటిని. నువ్వు ఇనుకుంట నిలవడ్డవా?"

"నిలవడ్డ."

"ఆమె తెచ్చిచ్చిన బొబ్బర్లు తింటిని గదనే నేను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత నా చేతిలోంచి ముల్లె లాక్కుంది. "నువ్వు ముట్టకు. గట్టు మీదికి పో."

పోయాను. ఆమె నాగలి వెనక నడుస్తూ కొసరి కొసరి, అచ్చం అత్తలాగే, ఒక్కో గింజ వదిలింది. రెండు దోసిళ్ల గింజ రెండు మళ్ల కన్నా ఎక్కువ రాలేదు. మిగతా చెలకలో బొబ్బర, కంది వేశాం. నేను ఖాళీ చేతులతో నిలబడి చూశాను. ఊరంతటికీ ఆ సాయంత్రానికే సంగతి తెలిసింది. బావి దగ్గర ఆడవాళ్లు నేను వస్తుంటే మాటలు ఆపేశారు. దానికి నాకు బాధ వేయలేదు. నాకు రావాల్సిన శిక్షే ఆలస్యంగా వచ్చిందనిపించింది.

అయిదో రోజు పొద్దున చిన్నత్త ఇంటి ముందుకు వచ్చి కేక వేసింది. వెళ్లాను. జొన్న సాళ్లలో ఒక్క ఖాళీ లేదు. నూలు గుడ్డలో బూడిదతో కట్టిన ప్రతి గింజా లేచినట్టుంది. చిన్నత్త బురదలో మోకాళ్ల మీద కూర్చుని, మొలకలను వేళ్లతో తాకుతూ, నా వైపు చూడకుండా అంది.

"అక్క చెయ్యి మంచిదేనే."

ఆ మాట పోయిన ఏడాది, నలుగురిలో, నేను అనవలసింది.